దక్‌బే పడుకునే నేల

గున్సాన్ రేవు బజారులో ఆల్చిప్పలు ఒలిచి బతికే తాక్ మల్సూన్ మా కింది అంతస్తులో ఉంటుంది. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడో ఊడిపోయి మళ్ళీ మొలవలేదు. నేల కింది గొట్టాల్లో బాయిలర్ నుంచి వేడినీళ్ళు పారే ఇళ్ళు మావి. కూర్చోవడం, తినడం, పడుకోవడం అన్నీ ఆ నేలమీదే. పరుపు కింద అరచెయ్యి దూర్చి వెచ్చదనం చూడనిదే మల్సూన్ భర్తను పడుకోనిచ్చేది కాదు.

ఆ భర్త దక్‌బేకు శరత్కాలంలో పక్షవాతం వచ్చి ఎడమ పక్క చచ్చుబడిపోయింది. వృద్ధుల ఆసుపత్రిలో ఇనుప మంచంమీద వేశారు. "గాలిలో వేలాడదీసినట్టుందే. నా నేలమీద పడుకోబెట్టు," అంటూ అతడు క్రమంగా తిండి మానేశాడు. ఇంటికి తీసుకురావాలంటే నేల ఉండాలి కదా! గొట్టం పగిలి, పైన పరిచిన పాత షీటు కుళ్ళిపోయి ఉన్నది. గొట్టం మార్పించి, సిమెంటు పోయించి, మల్సూన్ నేల పరిచే పాంగ్ మేస్త్రీని పిలిచింది. నన్ను కూడా పిలిచింది.

"మాష్టారూ, మీరిక్కడ కూర్చోండి. చదువుకున్నవాళ్ళు పక్కనుంటే ఈ పాంగ్ రేటు కాస్త తగ్గిస్తాడు."

"పంతుళ్ళ ఇళ్ళలోనే నాకు బాకీలెక్కువ అక్కా," అని పాంగ్ నవ్వుతూ ఒక ఓక్ చెక్కను, ఒక బూడిదరంగు టైలును ముందు పెట్టాడు. "చెక్కయితే టైలుకు రెట్టింపు ధర పడుతుంది. తొందరగా వేడెక్కుతుంది, ఒంటికి మెత్తగా ఉంటుంది. కానీ కింద సిమెంటు పూర్తిగా ఆరేదాకా వెయ్యకూడదు. ఈ చలిలో నెల పైమాటే. టైల్సు ముందే వేసెయ్యొచ్చు. వేడెక్కడం ఆలస్యం, ఎక్కిందంటే తెల్లారేదాకా వదలదు."

"ఆయన తడిపేస్తే?"

"చెక్క సందుల్లోకి దిగి ఉబ్బి నల్లబడుతుంది. టైలయితే తుడిస్తే పోతుంది."

"పడిపోతే?"

పాంగ్ టైలుమీద వేలి కణుపుతో ఒకసారి కొట్టాడు. "చెక్కమీద పడితే నొప్పి అక్కా. దీనిమీద పడితే ఎముక."

మల్సూన్ రెండింటినీ మార్చి మార్చి నిమిరింది. "ఇల్లు కంపు కొడుతోందని ఎవరైనా ముక్కు మూసుకుంటే ఆయన ఆ రోజే చచ్చిపోతాడు. పడకుండా నేను పట్టుకుంటా. టైల్సే వెయ్యి."

పని ముగించి వెళ్తూ పాంగ్ గుమ్మంలో ఆగాడు. "పక్షం రోజులు బాయిలర్ ముట్టుకోకు. టైల్సు కింది జిగురు తనంతట తాను ఆరాలి. వేడి తగిలితే పట్టు వదిలేస్తుంది."

నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో పిల్లలు చలికాలమంతా బొగ్గు పొయ్యి పక్క బల్లకోసం కొట్టుకునేవారు. వారిలో ఎంత పోకిరి అయినా, తరగతికి తాతో నాయనమ్మో వస్తే మాత్రం ఎవరూ చెప్పకుండానే లేచి ఆ చోటు ఇచ్చేవాడు. అటువంటి మర్యాద పుట్టుకతో వచ్చిన మనిషి, ఆసుపత్రి నుండి వచ్చిన భర్తను చల్లని నేలమీద ఎలా పడుకోబెడుతుంది? జావ కూడా మింగడం లేదని కబురు రాగానే, టైల్సు వేసి వారం తిరగకుండానే దక్‌బేను తీసుకువచ్చేసింది. పాంగ్ చెప్పిన మాట నేను మెట్లమీద గుర్తుచేశాను.

"వేడి కొంచెమే పెట్టాను మాష్టారూ. గోరువెచ్చగా. ఆ మాత్రానికి ఏమౌతుంది?"

దక్‌బే మంచి చెయ్యి నేలకు ఆనించి, "ఇదీ ఇల్లంటే," అన్నాడు. గిన్నెడు జావ తాగాడు. మరునాడు చేపముక్క అడిగాడు. మల్సూన్ ఆ సంగతి మెట్లమీద ఎదురైన ప్రతివారికీ చెప్పింది.

కొద్దిరోజులకు నేల లోపల, చెరువుమీది మంచు విరిగినట్టు చప్పుళ్ళు మొదలయ్యాయి. మరుగుదొడ్డి గుమ్మం దగ్గర రెండు టైల్సు భుజాలు ఒరుసుకొని పైకి లేచాయి. మల్సూన్ వాటిమీద దుప్పటి మడతపెట్టి పరిచింది.

"బాయిలర్ ఆపెయ్యమ్మా," అన్నాను.

"ఆపితే ఆయన మళ్ళీ తిండి మానేస్తాడు. ఇప్పుడిప్పుడే బుగ్గలు నిండుతున్నాయి."

ఒక ఉదయం ఆమె పొయ్యి దగ్గర జావ కలుపుతున్నది. ప్రతిదానికీ ఆమెను పిలవడం నామోషీగా తోచిందో ఏమో, దక్‌బే గోడ పట్టుకొని తానే మరుగుదొడ్డివైపు కదిలాడు. కాలివేలు దుప్పటి కింద లేచిన టైలు అంచుకు తగిలింది. ఆ చప్పుడు నాకు పైకి వినిపించింది. నేను దిగేసరికి మల్సూన్ అతడి తలను ఒడిలో పెట్టుకొని, "పట్టుకుంటానన్నాను కదయ్యా, పిలవొద్దూ?" అంటున్నది. చేతిలో గరిటె ఇంకా అలాగే ఉన్నది.

తుంటి ఎముక విరిగింది. దానివెంట ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. ఏ ఇనుప మంచం వద్దన్నాడో దానిమీదే, వసంతం రాకముందే దక్‌బే పోయాడు.

కర్మలు ముగిశాక పాంగ్ వచ్చి, లేచిన టైల్సన్నీ ఊడదీసి మూటగట్టాడు. 

"కూలి వద్దక్కా. మళ్ళీ వేసిస్తా. ఈసారి చెక్క వేద్దామా?"

"ఏదైనా వెయ్యి తమ్ముడూ. తడిపే మనిషీ లేడు, పడే మనిషీ లేడు," అని మల్సూన్ తలగుడ్డ చుట్టుకొని బజారుకు వెళ్ళిపోయింది.

ఏది వెయ్యాలో తేలక పాంగ్ ఏదీ వెయ్యలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. ఈ చలికాలం కింది ఇంట్లో బాయిలర్ వెలగడం లేదు. ఎంత వేడి పెట్టినా, దాని పైనున్న మా నేల తొందరగా చల్లబడిపోతున్నది.