తిన్నని తీగల మేస్త్రి

హీటర్లు తయారుచేసే ఆ కార్ఖానాలో తీగల బల్ల మేస్త్రిని అందరూ స్కేలు అనేవారు, ఆయన వినకుండా. ఇరవై ఎనిమిదేళ్లుగా ప్రతి హీటరు పెట్టెలోనూ ఆయన తీగల్ని ఒకే తీరున వేశాడు. కరెంటు వెళ్లే తీగ ఎడమ గోడ వెంట, తిరిగొచ్చే తీగ కుడి గోడ వెంట. మూత తీసి చూస్తే మధ్యంతా శుభ్రంగా, నున్నగా దువ్విన తలలో పాపిటలా ఉండేది. ఎవరి తీగైనా కాస్త వంకరపోతే కత్తెరతో తెంపి వాళ్ల ఒళ్లో పడేసేవాడు.

"ఇది తీగా, నీ సంతకమా?" అనేవాడు.

ఆయన కింద పనిచేసినవాళ్లంతా పని నేర్చుకున్నారు. ఆయన్ని మాత్రం క్షమించలేదు.

ఆ చలికాలం ఒక గుండె పరీక్షల ఆసుపత్రి ఇరవై హీటర్లను వెనక్కి పంపింది. హీటరు వేయగానే ఈసీజీలో రోగి గుండె గీత మీదికి ఒక సన్నటి వణుకు వచ్చి చేరుతోందట. అందులో గుండెది ఎంతో, హీటరుది ఎంతో డాక్టరుకి తెలియడం లేదట. యజమాని ఎక్కువ మాట్లాడలేదు. వారంలో ఆ వణుకు ఆగాలన్నాడు. ఆగకపోతే తీగల బల్ల ఎత్తేసి, ముందే కట్టిన తీగలు బయటినుంచి తెప్పిస్తానన్నాడు.

బల్ల లేకపోతే మేస్త్రి లేడు. ఆ సంగతి గదిలో అందరికీ అర్థమైంది. కొందరికి సంతోషంగానే అర్థమైంది.

పరీక్ష గదిలో పనిచేసేది ఆయన తమ్ముడి భార్య. ఆమె అయస్కాంత శక్తిని కొలిచే మీటరు తెచ్చి హీటరుకి మూరెడు దూరంలో పెట్టింది. ముల్లు తొమ్మిది దగ్గర నిలబడింది.

"లోపం మీ తీగల మధ్య ఖాళీలో ఉంది, బావగారూ. వెళ్లే కరెంటూ వచ్చే కరెంటూ అంత దూరంగా ఉంటే, వాటి చుట్టూ పుట్టే అయస్కాంత శక్తి బయటికి పాకుతుంది. రెంటినీ కలిపి మెలేస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి."

"జడ వేయమంటావు."

"అవును."

"రిబ్బను కూడా కట్టమంటావా?"

బల్ల చుట్టూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"మీరు అంత అందంగా వేయబట్టే అక్కడ గీత వణుకుతోంది," అంది.

ఇరవై ఎనిమిదేళ్లలో ఎవరూ ఆయన్ని అంత మెత్తగా కొట్టలేదు.

ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. భోజనాల దగ్గర ఆయన ఆమెతో మాటలు మానేశాడు.

"నీళ్లందించమని మీ ఆవిడతో చెప్పరా," అన్నాడు తమ్ముడితో. ఆమె పక్కనే కూర్చుని ఉంది.

"గ్లాసు ఆయన మోచేతి దగ్గరే ఉందని మీ అన్నయ్యకి చెప్పండి."

తమ్ముడు ఎవరికీ ఏమీ చెప్పకుండా తొందరగా తిని లేచిపోయాడు.

నాలుగు రోజులు కష్టపడి మేస్త్రి తన మందు తాను తయారుచేశాడు. తీగల్ని ముట్టుకోలేదు. పెట్టె లోపల చుట్టూ ఇంకో ఇనుప రేకు తొడిగించాడు. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి దాన్ని మీటరు ముందు దించారు. ముల్లు ఎనిమిదిన్నర చూపించింది.

"మీటరు పాడైంది," అన్నాడు.

ఆమె హీటరు ఆపింది. ముల్లు సున్నా మీదికి వచ్చి పడుకుంది. మళ్లీ వేసింది. లేచింది.

"పాడైందని దానికింకా తెలీదు, బావగారూ."

అయిదో రోజు ఆమె అడగకుండానే వచ్చి ఆయన స్టూలు మీద కూర్చుంది. ఆయన వేసిన తీగల్ని ఊడదీసింది. వేడికి కాలని గొట్టాల్లోకి రెండు కొత్త తీగల్ని ఎక్కించి, స్విచ్చి దగ్గర్నుంచి కాయిలు దాకా ఒకదానితో ఒకటి మెలేసుకుంటూ పోయింది. ఆమె వేళ్లకి ఆ పని అలవాటు లేదు. మెలిక ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వచ్చింది. హీటరు వేసింది. కాయిలు మెల్లగా ఎర్రబడింది. ముల్లు అర దగ్గర ఆగి, ఇక కదలలేదు. గదిలో వెచ్చదనం ఒక్కటే కదిలింది.

"పేగుల్లా ఉంది," అన్నాడు మేస్త్రి.

"మూత వేస్తాం కదా."

ఆ పెట్టెని ఆసుపత్రికి పంపారు. అక్కడ గుండె గీత నిర్మలంగా వచ్చింది. మిగతా పంతొమ్మిదీ అలాగే చేసి పంపమన్నారు. యజమాని బల్లని ఉండనిచ్చాడు.

"చేస్తాను. నువ్వు మాత్రం నా బల్ల దగ్గరికి రాకూడదు," అన్నాడు మేస్త్రి ఆమెతో.

"రాను. పెట్టెలే నా దగ్గరికి వస్తాయి."

పంతొమ్మిదింటినీ ఆయనే కట్టాడు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నోరు గట్టిగా మూసుకుని, ఎవరి పీకో పిసుకుతున్నట్టు మెలేశాడు. పద్దెనిమిది పరీక్ష దాటాయి. ఒకటి వెనక్కి వచ్చింది. దానికి కట్టిన చీటీ మీద 'మూడు' అని మాత్రం ఉంది.

మీటరు మీద ఒక తిట్టు, మరదలి మీద ఒక తిట్టు సిద్ధం చేసుకుని ఆయన మూత తీశాడు. స్విచ్చి దగ్గర, చివరి జానెడులో, తీగలు విడిపోయి ఉన్నాయి. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి, ఎంతో తిన్నగా. ఎప్పుడు వేశాడో గుర్తు లేదు. చేయి తనంతట తాను వేసేసింది. బల్ల దగ్గర ఎవరూ చూడలేదు. మూసేసి మీటరుని తిట్టొచ్చు.

ఆ జానెడూ మెలేసి, పెట్టెని తనే మోసుకెళ్లి ఆమె ముందు దించాడు. ముల్లు అర చూపించింది. ఆమె అంకె రాసుకుంది.

"చివర్లో తీగలు విడిపోయాయి. తప్పు నాదే," అన్నాడు ఆయన, గోడ వైపు చూస్తూ.

"మీటరు చెప్పింది," అంది ఆమె, తల ఎత్తకుండా. "తీసుకెళ్లండి. దారికి అడ్డంగా ఉంది."

ఆయన పెట్టె ఎత్తుకుని బయటికి నడిచాడు.