ప్రార్థన చేసిన బొప్పాయి

దేవసహాయం ప్రాణం తీసింది పండా, తప్పిపోయిన శనివారమా? ఎన్నిసార్లు మొదటి నుంచి తలచుకున్నా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. అతని భార్య సత్తవ్వకైతే అసలే దొరకలేదు.

చెన్నూరు బస్టాండులో, బస్సులు బయటికి పోయే గేటు పక్కన ఇరవై రెండేళ్లు పండ్లు అమ్మింది సత్తవ్వ. దవాఖానలో ఉన్నవాళ్లను చూడబోయేవాళ్లంతా ముందు ఆమె గంప దగ్గర ఆగేవారు. రోగమేమిటో అడగకుండా ఆమె పండు ఇచ్చేది కాదు.

"ఎవలికి బిడ్డా?"

"మా అత్తకు. తిన్నది అరుగుతలేదంటది."

"గట్లయితె గీ బొప్పాయి కొనుకపో. పొద్దుగాల పరగడుపున రెండు ముక్కలు పెట్టు, కడుపు సాఫ్ అయితది. కడుపు మంచిగుంటె మీ అత్త నోరు గూడ మంచిగుంటది."

పక్కనే చాయ్ బండి నడిపే రోజారాణి పకపకా నవ్వేది. "సత్తక్కా, డాక్టర్ సత్తవ్వ అని బోర్డు పెట్టించుకోరాదు?"

"బోర్డు పెడితె తెల్లకోటు ఏసుకోవాలె. గీ ఎండల నాతోని గాదు."

పరిహాసానికి అన్నా, పండు మీద ఆమెకున్న నమ్మకం పరిహాసం కాదు. కూతురు ప్రిస్కిల్లా ఏడాది పిల్లగా ఉన్నప్పుడు ఎముకల గూడులా ఉండేది. మిషన్ దవాఖానలో ముసలి నర్సమ్మ ఒకామె బొప్పాయిని వేళ్లతో మెదిపి ఎలా తినిపించాలో చూపించింది. పిల్ల తేరుకుంది. ఇప్పుడు నిర్మల్‌లో కాపురం చేసుకుంటోంది. ఆ ఏడే సత్తవ్వ పెరట్లో రెండు బొప్పాయి గింజలు నాటింది. చెట్లు ముదిరి పడిపోయినప్పుడల్లా వాటి గింజలే మళ్లీ నాటుతూ వచ్చింది.

దేవసహాయం పత్తి జిన్నింగు మిల్లులో హమాలీ. బీపీ ఉందన్నా ఏనాడూ గోలీలు సరిగా మింగలేదు. చివరికి రెండు కిడ్నీలూ చెడిపోయాయి. మంగళవారం, శనివారం మంచిర్యాలలో డయాలసిస్ మొదలైంది. మొదటిరోజే అక్కడి నర్సు మహిమ సిస్టర్ సత్తవ్వను పక్కకు పిలిచింది.

"అవ్వా, బాపుకు పండ్లు పెట్టొద్దు. బొప్పాయి, అరటిపండు, కొబ్బరినీళ్లు అసలే వద్దు."

"పండు ఒంటికి మంచిది గద బిడ్డా?"

"మంచిగున్నోళ్లకు మంచిదే. అండ్ల పొటాషియం అని ఒక ఉప్పు ఉంటది. మనకైతె కిడ్నీలు దాన్ని బయటికి పంపుతయ్. బాపుకు అది రక్తంల్నే ఉండిపోతది. ఎక్కువైతె గుండె ఆగుతది."

సత్తవ్వ ఆ మాటను కొంగున ముడేసుకుంది. ఆ ఉప్పు దిగిపోవాలని కూరగాయలు కోసి గంటలకొద్దీ నీళ్లలో నానబెట్టేది, ఉడికించిన నీళ్లు పారబోసేది. అమ్ముడుపోని పండ్లను ఇంటికి తెస్తే వంటింట్లో మూలన గోనెసంచి కప్పి దాచేది. వాసన మాత్రం దాగేది కాదు.

"ఏమే, జామకాయలు మిగిలినట్టున్నయ్?"

"మిగలలే."

"అబద్ధాలాడకు, ప్రభువు సూస్తుండు."

"సూడనీ. ఆయనకు కిడ్నీలు మంచిగనే ఉన్నయ్."

ఇద్దరూ నవ్వేవారు. నవ్వు ఆగాక అతడు గోడవైపు తిరిగి పడుకునేవాడు. "ఊరందరికి పండు పెట్టి బాగుచేస్తవు. నాకే పెట్టవు" అనేవాడు మెల్లగా. ఎనిమిది నెలలు ఆమె ఆ మాట పడింది.

డిసెంబరు మొదటి ఆదివారం చర్చిలో కోత పండుగ. ప్రసంగపీఠానికి రెండువైపులా వరికంకులు కట్టేది ముప్పై ఏళ్లుగా దేవసహాయమే. ఆ పని ముందురోజు చెయ్యాలి. ముందురోజు శనివారం.

"ఒక్క పూటకు ఏమైతది? సోమారం ఫస్టు బస్సుకు పోదాం."

సత్తవ్వ సిస్టర్‌కు ఫోన్ చేసింది. తప్పించొద్దని మహిమ గట్టిగానే చెప్పింది. అయినా నిచ్చెన మీద నిలబడి కంకులు కడుతున్న మనిషి ముఖం చూశాక ఆమెకు దిగిరమ్మని పిలవబుద్ధి కాలేదు.

ఆదివారం తన చెట్టున ఈసారి కాసిన మొదటి బొప్పాయిని తెచ్చి బలిపీఠం ముందు పెట్టింది. ఆ చర్చిలో ఒక వాడుక ఉంది. వచ్చిన పంటంతా ఆరాధన అయ్యాక హర్రాజు వేసి అమ్ముతారు. అంతకుముందు మాత్రం, పాస్టరు అయ్యగారు చేయిపెట్టి ప్రార్థించిన ఒక పండును కోసి అందరికీ పంచుతారు. ఆ ముక్కను ఎవరూ వద్దనరు. ఆ ఏడు కోసింది సత్తవ్వ బొప్పాయినే.

పళ్లెం దేవసహాయం ముందుకు వచ్చింది. అతడు ఆడవాళ్ల వరుసలో ఉన్న భార్య వైపు చూశాడు. ప్రార్థన చేసిన పండు కీడెట్లా చేస్తుందనుకుంది సత్తవ్వ. తల ఊపింది.

అక్కడితో ఆగినా బాగుండేది. "కంకులు మంచిగ కట్టినవ్ పెద్దనాయనా" అంటూ సంఘపెద్దలు మిగిలిన సగం పండును అతని చేతిలోనే పెట్టారు. ఇంటికి వచ్చాక అతడు నోరు తెరిచి అడగలేదు. ఆమే గింజలు తీసి, తొక్క చెక్కి, స్టీలు పళ్లెంలో ముక్కలు పెట్టింది. ఎనిమిది నెలల ఆకలి తీరా తిన్నాడు. మోచేతి దాకా కారిన రసాన్ని చిన్నపిల్లాడిలా నాకాడు.

"ఉత్తగనే భయపడ్డం సత్తవ్వా" అన్నాడు. ఆ మాటకు ఆమె ఎంత సంతోషపడిందో తర్వాత ఎవరికీ చెప్పుకోలేకపోయింది.

సోమవారం తెల్లవారుజామున, బస్టాండులో మంచిర్యాల బస్సు కోసం కూర్చున్నారు. కాళ్లల్లో సత్తువ లేదన్నాడు. "రోజారాణి బండి తెరిచిందా, జర చాయ్..." అంటూనే పక్కకు ఒరిగిపోయాడు. బస్సు వచ్చేసరికి మనిషి లేడు.

సమాధి అయిన మూడోనాడు మహిమ వచ్చింది. సత్తవ్వ ఆమె చేయి పట్టుకుంది.

"నిజం చెప్పు బిడ్డా. పండేనా?"

"శనివారం రాలే, ఆదివారం పండు తిన్నడు. గిదే అని ఎట్ల చెప్పాలె అవ్వా?"

"రెండిట్ల ఒక్కటే చేస్తె బతుకునా?"

మహిమ ఆమె చేతిని నిమురుతూ కూర్చుంది.

నలభై రోజుల ప్రార్థన కూడిక అయ్యాక సత్తవ్వ మళ్లీ గంప దించింది. పండ్లు అవే, చోటు అదే. గిరాకీని పిలవడం, రోగం అడగడం మాత్రం మానేసింది. ఎవరైనా వచ్చి కావలసింది ఏరుకుంటే తూచి ఇచ్చేది. రోజారాణి ఏవో కబుర్లు చెప్పి నవ్వించబోయేది. నాలుగోరోజు పొద్దెక్కాక పచ్చచీర కట్టుకున్న ఒకామె వచ్చింది.

"మంచి బొప్పాయి ఇయ్యవ్వా, మా నాయనకు."

"ఏం రోగం?" అలవాటుకొద్దీ వచ్చేసింది మాట.

"కిడ్నీలు ఖరాబైనయట. మొన్ననే డయాలసిస్ మిషన్ మీద పెట్టిండ్రు. నోటికి ఏం పోతలేదు. బొప్పాయి అందరికి మంచిదని నువ్వే చెప్తవట గద?"

సత్తవ్వ చేతిలోకి తీసుకున్న పండును మళ్లీ గంపలో పెట్టేసింది.

"ఇయ్యను బిడ్డా. ఏం పెట్టాలనో ఆడ సిస్టర్‌ను అడుగు. ఇగో, పండుగ రానీ, పెండ్లి రానీ, మిషన్ ఒక్క దినం తప్పియ్యకుండ్రి. ప్రార్థన చేసిందైనా సరే, పండు పెట్టకు."

ఆమె వింతగా చూసి, మరో పండ్ల బండి వైపు నడిచింది. అక్కడ ఏం కొన్నదో సత్తవ్వ తల తిప్పి చూడలేకపోయింది.

రోజారాణి అటు తిరిగి చాయ్ వడపోస్తోంది. ఇక ఎవరి చేతిలోనూ పండు పెట్టలేననుకుని సత్తవ్వ గంప మీద తడిబట్ట కప్పి, సంచి చంకన పెట్టుకుంది. కూతురు ప్రిస్కిల్లా ఊరికి పోవాలంటే మంచిర్యాలలో దిగి నిర్మల్ బస్సు ఎక్కాలి. కదలబోతున్న మంచిర్యాల బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

గేటు దాటుతుండగా వెనక్కి చూసింది. రోజారాణి రెండు గ్లాసులు పట్టుకుని గంప దగ్గర నిలబడి అటూ ఇటూ వెతుకుతోంది. సత్తవ్వ చేయి ఎత్తలేదు.