చంద్రమౌళి ఎక్కించిన సాలెపోగు

కోరుట్ల బస్టాండు వెనక సందులో చంద్రమౌళి దుకాణం ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. కంసాలుల త్రాసులు, బడుల్లోని తక్కెళ్లు, ముల్లు కదలని దిక్సూచులు... యాభై ఏళ్లుగా ఆయన చెయ్యి పడి బాగుపడనిది లేదు. పుట్టింది సిరిసిల్లలో, మగ్గాల ఇంట్లో. తెగిన పోగులు అతికిన వేళ్లాయె, వాటికి ఇత్తడి ఒక లెక్కా! మనిషికున్న జబ్బల్లా ఒకటే. సరిగ్గా తూగే వస్తువు కనబడితే చాలు, దాన్ని పట్టుకొచ్చిన మనిషిని కూడా నమ్మేస్తాడు.

పోయిన వేసవిలో బుగ్గారం నుంచి మదన్ మోహన్ రావు వచ్చాడు. ఒకప్పటి దొరల కుటుంబం. చంద్రమౌళితో ముప్పై ఏళ్ల స్నేహం. వెంట తెచ్చిన టేకుపెట్టెలో వాళ్ల తాత భూములు కొలిపించిన, కోణాలు చూసే ఇత్తడి థియోడలైటు ఉంది.

"మౌళీ, మీ చెల్లె పోచవ్వ పసుపుచేనుకూ నా తోటకూ నడుమ హద్దు పంచాయతి తెగుతలేదు. తాతల నాడు దీంతోనే హద్దు పెట్టిండ్రు. నువ్వు బాగుచెయ్యి, మల్ల దీంతోనే కొలుద్దాం. ఎవలది వాళ్లకు."

చంద్రమౌళికి కళ్లు చెమర్చాయి. పోచవ్వకు భర్త లేడు, రోడ్డు పక్కనున్న ఆ పది గుంటలే ఆధారం. మనిషంటే ఈయనరా అనుకుని, అప్పటికప్పుడు చెల్లెలికి ఫోన్ చేశాడు. "నేనున్న గదా, ఒప్పుకో." అన్న మాట మీద ఆమె పెద్దల ముందు సరేనంది.

మూడు నెలలు యంత్రంతోనే కూచున్నాడు. డిగ్రీల చక్రం మీది చిలుము నూనె రాసి వదిలించాడు, అరిగిన మరలు కొత్తవి చేశాడు. చివరికి చూస్తే, దాని దుర్భిణి లోపల గురి చూసే అడ్డపోగూ నిలువుపోగూ తెగి ఉన్నాయి. వెంట్రుక పెడితే లావవుతుంది. పాతకాలంలో అక్కడ సాలెపురుగు దారం వాడేవారు. ఇంకేం, అరవై ఎనిమిదేళ్ల మనిషి సాలెపురుగుల కోసం దూలాల సందులన్నీ వెతికాడు! ఒకదాన్ని పుల్ల మీంచి జారవిడిచి, అది వదిలే పోగును తీగె పంగకు చుట్టి, ఊపిరి బిగబట్టి లక్కచుక్కతో అతికించాడు. పదకొండుసార్లు తెగింది. పన్నెండోసారి నిలిచింది. రావు ఇస్తానన్నా కూలి పుచ్చుకోలేదు.

కొలత రోజు పెద్దమనుషులంతా రావు తోటలో మూలనున్న హద్దురాయి దగ్గర చేరారు. సర్వే పని తెలిసిన తిరుపతి రాయి మీద యంత్రం నిలబెట్టాడు. రావు అందరికీ వినబడేలా అడిగాడు. "చెప్పు మౌళీ, యంత్రం కరెక్టుగున్నదా?"

"వెంట్రుకవాసి గూడ తప్పు పోదు. పూచీ నాది" అన్నాడు చంద్రమౌళి, ఛాతీ ఉబ్బించి.

తిరుపతి తాతల నాటి హద్దు కాగితం చూసి కోణం తిప్పాడు. ఆ గురి వెంబడి గూటాలు కొట్టుకుంటూ పోయారు. గూటాలు పసుపు మొక్కల నడిమధ్యకు దిగాయి. సగం చేను రావు వైపు పోయింది.

చంద్రమౌళి ఉరికిపోయి దుర్భిణిలో చూశాడు. పోగు నిక్కచ్చిగా ఉంది. కోణమూ సరిగ్గానే ఉంది. అప్పుడు కిందికి చూశాడు. రాయి మొదట్లో మట్టి మెత్తగా ఉంది. పది గజాల అవతల, మామిడాకులు కప్పిన గుంత.

"రాయి జరిపిండ్రు! సారూ, ఇదేం పని? ముప్పై ఏండ్ల దోస్తానా గిందుకేనా? మిమ్ముల మనిషని నమ్మిన గదా!"

రావు నవ్వాడు. "పూచీ పడ్డది నువ్వే గదా మౌళీ. చెల్లె భూమి పోంగనె మాట మారుస్తవా?"

పెద్దమనుషులు గుంత వంక చూశారు, రావు వంక చూశారు. "నువ్వే చెప్తివి గదనే" అని గొణిగి, కొత్త హద్దు రాసిన కాగితం మీద సంతకాలు చేసి వెళ్లిపోయారు. థూ, పెద్దమనుషులట!

చంద్రమౌళి చెల్లెలి ముందుకు వెళ్లి నిలబడ్డాడు. "నన్ను మోసం జేసిండే పోచవ్వా..."

పోచవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆయన మాట నేనెన్నడు నమ్మిన అన్నా? నీ మాట నమ్మి ఒప్పుకున్న" అని, గూటాలకు ఇవతల మిగిలిన చేనులోకి దిగి కలుపు తీయసాగింది.