అబ్‌ఫాల్ అంటే

మా నాన్న దేవుడికి ముందుగానే థాంక్స్ చెప్పేశారు. నా చిక్కంతా అక్కడే మొదలైంది.

ఏ మేలు జరిగినా మావాళ్లు ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞత కూడిక పెడతారు. నేను ఆసుపత్రిలో నర్సు పని మానేసి, జర్మనీ వెళ్లడానికి బెజవాడలో జర్మన్ క్లాసులో చేరానో లేదో, ఉద్యోగం వచ్చేసినట్టే నాన్న మా ఊరు పామర్రులో కూడిక పెట్టించి, పాస్టరుగారి చేత ప్రార్థన చేయించి, చర్చి వాళ్లందరికీ బిర్యానీ పెట్టారు. ఆ తర్వాత నేను పరీక్ష తప్పాను. ఆ భాష నాకు ఒంటబట్టదని తెలిసిపోయింది. మానేస్తానని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

ఒకరోజు పాఠం, వార్డులో చెత్త వేరు చేయడం. మేడమ్ బోర్డు మీద ‘అబ్‌ఫాల్’ అని రాశారు. చెత్త అని అర్థం. అసలైతే రాలిపడేది అనట. తోలు కోసినా, చెక్క చెక్కినా కింద పడే ముక్కలు.

“దీనికి ఇంకో పాత అర్థం కూడా ఉందమ్మా. దేవుణ్ని వదిలేసి పోవడాన్ని కూడా ఈ మాటే అంటారు” అన్నారు మేడమ్.

అందరూ రాసుకున్నారు. నేను రాయలేదు. చర్చికి రావడం మానేసినవాళ్లని మా సంఘంలో ‘పడిపోయారు’ అంటారు, వాళ్ల కోసం జాలిగా ప్రార్థన చేస్తారు. క్లాసు మానేస్తే నన్నూ వాళ్లలోనే కలిపేస్తారనిపించింది. అయినా సరే, చెప్పేద్దామని ఆ శనివారం ఇంటికి బస్సెక్కాను.

ఎండ మండిపోతోంది. జాకెట్లు కుట్టే మా అమ్మ మిషను చుట్టూ దళసరి ఉన్నిగుడ్డ ముక్కలు పడి ఉన్నాయి.

“అమ్మా, నీతో ఒక మాట చెప్పాలి.”

“చెబుదువుగానిలే, ముందిది తొడుక్కో. చలిదేశం కదా, కోటు కుట్టాను.”

తొడిగి, కింద నుంచి మెడ దాకా గుండీలు తనే పెట్టింది. ఊపిరాడలేదు. వీపు మీద చెమట కారిపోతోంది. నాన్న అప్పటికే గుమ్మంలో నిలబడి, “ఒకసారి ఇటొచ్చి చూడండి, మా అమ్మాయి కోటు!” అని ఎదురింటివాళ్లని పిలుస్తున్నారు. ఇక లాభం లేదని అప్పుడే అర్థమైంది.

“ఏదో చెప్పాలన్నావు? బిగుతుగా ఉందా?” అంది అమ్మ.

“లేదమ్మా, సరిపోయింది” అన్నాను.