కన్నడ పేజీలో అవ్వ

పోయిన నెల కర్నూలులో కళ్ల డాక్టరు దగ్గరికి వెళితే, అద్దాలు మార్చి మార్చి పెట్టే అమ్మాయి గోడ మీది అక్షరాలు చదవమంది. తెలుగు పలక పక్కనే, రాయచూరు వైపు నుంచి వచ్చే రోగుల కోసం కాబోలు, కన్నడ పలక కూడా ఉంటే, నేను ధ్యాసలేక గడగడా అదే చదివేశాను. ఆ అమ్మాయి తెల్లబోయి, మీరు కన్నడంవారా అని అడిగింది. కాదమ్మా, కానీ ఒకప్పుడు కన్నడంలో ఇంటర్నెట్టు ఎక్కినదాన్ని అని గొప్పగా చెప్పి, బస్సులో ఇంటికి వచ్చేదాకా నాలో నేనే నవ్వుకున్నాను. నా ఈడు వాళ్లకు ఆ ముచ్చట చెప్పుకుంటే గానీ నాకు తోచదు.

రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్లయిన రోజులవి. కోడుమూరు దగ్గర మా పల్లెలో నేను పంతులమ్మను. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరుగారు, మన చర్చికి వెబ్‌సైటు వచ్చిందని ప్రకటించారు. ఆయన అల్లుడు కర్నూలులో ఇంటర్నెట్ సెంటరు నడిపేవాడు, పని అతనిదే. వెబ్‌సైటు అంటే ఏమిటో సగంమందికి తెలియకపోయినా అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, “కరువులో బళ్లారి పక్కకు పోయిన మనోళ్ల పిల్లోళ్లకు తెలుగు చదివేకి రాదు టీచరమ్మా. కన్నడం మీకే వస్తాది, కోత పండుగలోగా రాసియ్యండి” అన్నారు. మా నాయన సిరుగుప్పలో కాలువ పనికి పోయినప్పుడు, ఏడో తరగతి దాకా నేను చదివింది కన్నడ బడిలోనే మరి. అన్నేళ్లుగా ఎవరికీ అక్కరకు రాని ఆ చదువు ఒక్కసారిగా కావలసి వచ్చేసరికి నా కాళ్లు నేల మీద ఆనలేదు.

కంప్యూటరులో కన్నడం కొట్టబోతే అక్షరాలకు బదులు అన్నీ డబ్బాలే వచ్చేవి. అందుకని నేను తెల్లకాగితం మీద చేత్తో రాసిస్తే, అల్లుడు దాన్ని ఫోటోలాగా స్కాను చేసి ఎక్కించేవాడు. అంటే లోకమంతా చూసేది నా చేతిరాతే! మొదటి పేజీ చూడడానికి మా ఆయనా నేనూ పనిగట్టుకుని కర్నూలు వెళ్లాం. బొమ్మ పైనుంచి కిందికి వరస తర్వాత వరసగా నిదానంగా దిగుతుంటే, నా అక్షరాలు ఒక్కొక్కటే కనబడుతుంటే, పక్క కుర్చీల్లో ఉన్నవాళ్లందరినీ పిలిచి చూపించాను. రెండు లిపులూ అక్కాచెల్లెళ్లు కావడంతో, కాస్త ఏమరితే కన్నడ అక్షరానికి తెలుగు తలకట్టు పడిపోయేది. ఒక్క తలకట్టు కోసం కాగితమంతా తిరగరాసిన రోజులున్నాయి. మాటలతో ఇంకో తంటా. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు సంస్కారాన్ని మేము బల్ల అంటాం కదా, మొదటి ఆదివారం అందరూ బల్ల తీసుకుంటారని ఉన్నదున్నట్టు దించేశాను, తీరా చూస్తే కన్నడంలో బల్ల అంటే తెలిసినవాడని అర్థం. మేమేదో తెలిసినవాణ్ణి పట్టుకుపోతున్నామనుకుని చదివేవాళ్లు బెదిరిపోరూ! దాన్ని పసిగట్టి, ప్రభువు భోజనం అనే అర్థంలో ‘కర్తన భోజన’ అని దిద్దుకున్నాక, నా అంత పండితురాలు జిల్లాలోనే లేదని మా ఆయన దగ్గర ఒకటే గొప్పలు.

చర్చి పక్క ఇల్లే మా పిన్నమ్మది. ఆమె ఒక్కగానొక్క కూతురు సిరుగుప్ప వైపు కాపురానికి వెళ్లి, తొలి కాన్పులోనే పోయింది. బిడ్డ మాత్రం బతికింది. పిన్నమ్మ అల్లుడు ఆ పసికందుతో, తన తల్లితో ఎటో వెళ్లిపోయాడు, పద్దెనిమిదేళ్లుగా జాడ లేదు. నేను రాస్తుంటే పిన్నమ్మ వచ్చి గడప దగ్గర కూర్చుని, “ఏం రాస్తాండావ్ మే? యాడున్నోళ్లయినా ఇది చదవచ్చునా?” అని రోజూ అడిగేది. ఒకరోజు కొంగుతో కళ్లు తుడుచుకుని, “నా మనవరాలు యాడుండాదో ఏమో. నీ అవ్వ ఈడనే ఉండాది, ఒక్కసారి వచ్చి పో తల్లీ అని రాయి” అంది. పైన కూతురి పేరు పెట్టి, ఆమె బిడ్డకు అని రాయమంది. కన్ను మూసేలోగా ఆ పిల్లను చూడాలన్నది తప్ప ఆమెకింకో కోరిక లేదు. ఆమె మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా, కోత పండుగ పిలుపు కింద కన్నడంలో రాసి, అయ్యగారి ఫోను నంబరు వేసి పంపాను.

పండుగ వారం ఉందనగా అయ్యగారింట్లో ఫోను మోగింది. అవతలివాళ్లు మాట్లాడేది కన్నడమని నన్ను పిలిపిస్తే, నేనూ నా వెనకే పిన్నమ్మా పరుగున వెళ్లాం. బళ్లారిలో ఒక చర్చివారు మా పేజీని కాగితం మీద అచ్చు తీసి గోడకు అంటించారట; అది చదివిన ఆడపిల్ల. మా పిల్లే! ఆనందం పట్టలేక నేనేదో చెప్పబోతుంటే, ఆమె అడ్డుపడి “నమ్మవ్వ బదుకిద్దాళా?” అంది. మా అమ్మ బతికుందా, అని. అప్పుడు తట్టింది నాకు. మనకు అవ్వంటే అమ్మమ్మో నాన్నమ్మో, ఆ వైపు కన్నడంలో అవ్వంటే కన్నతల్లి. అక్కడే చదివి, తోటి పిల్లలు అవ్వా అవ్వా అంటూ తల్లుల వెంటపడడం కళ్లతో చూసినదాన్ని, పిన్నమ్మ నోటి మాటను అలాగే దించేశాను. బల్లను పసిగట్టిన నా పాండిత్యం అవ్వ దగ్గర బోల్తా పడింది. తప్పు నాదేనమ్మా, ఉన్నది మీ అజ్జి, మీ అమ్మను కన్న తల్లి అని ఎలాగో చెప్పాను. ఆ పిల్ల ఫోను పెట్టేసింది. “వస్తాదంటనా?” అని పిన్నమ్మ అడిగితే, వస్తుందని అబద్ధం చెప్పాను. ఆ వారమంతా నాకు ముద్ద దిగలేదు.

కోత పండుగ నాడు శనక్కాయ మూటలతో, జొన్న కంకులతో, కాళ్లు కట్టిన కోళ్లతో చర్చి ముంగిలి నిండిపోయింది. బళ్లారి బస్సు దిగి, వాళ్ల పాస్టరమ్మను తోడు తీసుకుని వచ్చింది ఆ పిల్ల. ఎవరూ చెప్పక్కర్లేకుండా నేను గుర్తుపట్టాను, అచ్చం తల్లి నడకే. ఒకరికి కన్నడం రాదు, ఒకరికి తెలుగు రాదు, అందుకని నేను మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నాను. ఆ పిల్ల పిన్నమ్మ రెండు చేతులూ పట్టుకుని, “అవ్వా” అంది. మనవరాలు నోరారా అవ్వా అని పిలిచిందని పిన్నమ్మ మురిసిపోయి భోరుమంది. ఎదురుగా ఉన్నది అజ్జి అని తెలిసి తెలిసే ఆ పిల్ల ఆ మాటన్నది. పుట్టాక ఎవరినీ అలా పిలిచి ఎరగనని సాయంత్రం నాతో చెప్పింది. ఆ ఒక్క మాటను నేను ఎవరికీ అనువదించలేదు.

పిన్నమ్మ ఉన్నన్నాళ్లూ ఆ పిల్ల ప్రతి కోత పండుగకూ వచ్చింది. నా చేతిరాత కాగితాలను వెబ్‌సైటు నుంచి ఎప్పుడో తీసేశారు. ఇప్పుడు మా చర్చి పేజీ ఫోనులో వేలు తగిలిస్తే ఏ భాషలో కావాలంటే ఆ భాషలో వస్తోంది, నాబోటి వాళ్లతో పని లేదు. ఉండబట్టలేక మొన్న పిన్నమ్మ చెప్పిన ఆ మాటలను అందులో వేసి చూశాను. రెప్పపాటులో అవ్వను అజ్జిగా మార్చి పెట్టింది. తప్పు పట్టడానికి లేదు, నేను రాయవలసిందీ అదే. కానీ ఆనాడు ఆ గోడ మీద అజ్జి అనే ఉంటే, ఆ పిల్ల ఫోను చేసి ఉండేదా, బస్సెక్కి ఉండేదా? ఆ పిల్లను అడగడానికి నాకు నోరు రాలేదు, చెప్పుకుందామంటే పిన్నమ్మ లేదు. ఉన్నన్నాళ్లూ ఆ తప్పు సంగతి ఆమెకు నేను చెప్పనే లేదు.