బిస్కెట్ డబ్బా మీద బొమ్మ

మా అత్తగారు ఇంట్లోనే బిస్కెట్లు చేసి అమ్ముతారు. ఓవెన్ కంటే ఆవిడ నోరే వేడి. డబ్బాల మీద అతికించే లేబుల్ గీసే పని నా నెత్తిన పడింది, ఒకప్పుడు బొమ్మలు వేసేదాన్నని నోరు జారిన పాపానికి.

వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ప్లేట్లో ఉన్న బిస్కెట్ చూసి లోగో గీశాను. కింద ‘మా ఇంట్లో తినేవే మీకూ’ అని రాశాను.

అత్తగారు కళ్లజోడు పెట్టుకున్నారు. “ఇదేంటే? అంచు విరిగింది, ఓ పక్క మాడింది! ఇలాంటివా నేను అమ్మేది?”

“నాకేం తెలుసు అత్తయ్యా? ఈ ఇంట్లో అడుగుపెట్టాక నేను తిన్నవన్నీ ఇలాంటివే.”

మామగారు చదువుతున్న పేపర్ దించారు. “నిజమేనే. మంచివన్నీ డబ్బాల్లోకి, మాడినవన్నీ మా నోట్లోకి. గుండ్రటి బిస్కెట్ మొహం చూసి ఎన్నేళ్లయిందో!”

ఆవిడ డబ్బా మూత తీశారు. మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఒకే ఒక్క బిస్కెట్ తీసి, శుభ్రమైన ప్లేట్లో నా ముందు పెట్టారు.

“చెయ్యి తగలకుండా చూసి గియ్యి. అయ్యాక మళ్లీ డబ్బాలో పెట్టేస్తాను. కింద ఆ అబద్ధం కొట్టేసి, ‘మా ఇంట్లోవాళ్లకి కూడా దక్కనివి’ అని రాయి.”