సి షిఫ్ట్ మనిషికి నేను రాసిన డైట్ చార్ట్

2007లో నాచారం పారిశ్రామిక వాడలో ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో నర్సుగా చేసేదాన్ని. అప్పుడు అక్కడ పనిచేసిన వాళ్లను సత్తయ్య గురించి అడిగితే అందరూ ఒకటే చెబుతారు. సిస్టర్ నెత్తీ నోరూ బాదుకుని చెప్పింది, ఆయన నోరు కట్టుకోలేదు, పక్షవాతం వచ్చింది. ఈ కథలో మంచిదాన్ని నేనే. అయినా ఎవరు చెప్పినా అడ్డుపడతాను. అడ్డుపడితే, మీది పెద్ద మనసు మేడం, అంటారు. మనసు సంగతి తర్వాత, జరిగింది అది కాదు.

ఫ్యాక్టరీ నర్సు అంటే తెగిన వేలికి కట్టు కట్టే మనిషి అనుకుంటారు. సగం పని కాగితాలే. నలభై దాటిన ప్రతి కార్మికుడికీ మా దగ్గర ఏటా ఫిట్‌నెస్ చూసేవాళ్లం. అంటే బీపీ, షుగర్, చూపు పరీక్షించి, ఇతన్ని మిషన్ మీద ఉంచవచ్చని వారానికోసారి వచ్చే డాక్టరు గారితో సంతకం పెట్టించడం. సంతకం పడకపోతే ప్యాకింగ్‌కి పంపేస్తారు. సత్తయ్య జనగామ వైపు నుంచి వచ్చినవాడు, పదహారేళ్లుగా రేకులు నొక్కే ఒకే ప్రెస్ మిషన్ మీద ఆపరేటర్. దాని చప్పుడులో రవ్వంత తేడా వచ్చినా ఆపేసి సూపర్‌వైజర్‌తో పోట్లాడేవాడు. అలాంటి మనిషికి ప్యాకింగ్ అంటే చేతులు కట్టేసినట్టే. ఆ ఏడాది అతని పై బీపీ నూట అరవై. డాక్టరు గారు మాత్ర రాసి మూడు నెలలు గడువిచ్చారు. తిండి సంగతి నాకు అప్పగించారు.

నేను డైట్ చార్ట్ రాశాను. పొద్దున ఎనిమిదికి టిఫిన్, ఒంటిగంటకు జొన్నరొట్టె, ఆకుకూర, నాలుగింటికి మజ్జిగ, రాత్రి ఎనిమిదికి భోజనం. కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, ‘ఎనిమిది దాటాక ఏమీ తినరాదు. టైం తప్పరాదు’ అని రాశాను. చక్కని దస్తూరీ నాది. బీఎస్సీ చదివి, ఆ తర్వాత నర్సింగ్ చేసినదాన్ని, ఉప్పు గురించీ నిద్ర గురించీ పాఠాలు చెప్పగలను. చెప్పాను కూడా. రోజూ ఎనిమిది గంటలు పడుకో, టెన్షన్ పెట్టుకోకు అన్నాను. సత్తయ్య కాగితాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

ఆ వేసవి అంతా ప్రెస్ సెక్షన్‌ని సి షిఫ్ట్‌లో వేశారు. రాత్రి పదికి ఎక్కి పొద్దున ఆరుకి దిగడం. ఎవరు ఏ షిఫ్టో చెప్పే రోస్టర్ నా కుర్చీ వెనక గోడకే వేలాడేది. నేను దానికి వీపు పెట్టి కూర్చునేదాన్ని.

పదిహేను రోజులకోసారి బీపీ చూసుకోవడానికి వచ్చేవాడు. నేను బోడుప్పల్ నుంచి ఉప్పల్‌లో ఆటో మారి తొమ్మిదింటికి గది తాళం తీసేదాన్ని. ఆరింటికి షిఫ్ట్ దిగిన మనిషి బయట బెంచీ మీద మూడు గంటలు కూర్చునేవాడు. ఒకసారి గోడకి తల ఆనించి నిద్రపోతుంటే తట్టి లేపాను.

“పడుకోవడానికి ఇల్లు లేదా సత్తయ్యా?”

“ఉంది సిస్టర్. మీరొచ్చేదాక జర కన్ను మూసిన.”

పట్టీ చుట్టి చూశాను. నూట డెబ్బై.

“ఉప్పు మానలేదు కదూ?”

“మానేసిన. తొక్కు జాడీ మా ఇంటామె అటకెక్కిచ్చింది. మీరు రాసిందే తింటున్న, టైం గూడ తప్పుత లేను.”

“మరి కళ్లెందుకు చింతనిప్పుల్లా ఉన్నాయి? మందు కొట్టావా?”

“మందు బందువెట్టి రెండేండ్లాయె,” అని నవ్వాడు. “మా మేస్త్రి గూడ గదే అడుగుతుండు.”

“మిషన్ అబద్ధం చెప్పదు. నువ్వు చెప్తున్నావు. ఇలాగే ఉంటే ప్యాకింగే. నన్నడగొద్దు.”

తల వంచుకుని వెళ్లిపోయాడు. గడువుకి ఇంకా మూడు వారాలుండగా, ఒక మధ్యాహ్నం ఇంట్లో కంచం ముందు కూర్చుని కుడి చేయి ఎత్తలేకపోయాడు.

ఐదో రోజు అతని భార్య యాదమ్మ సెలవు కాగితం పట్టుకుని నా గదికొచ్చింది. కొంగు ముడిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టింది. లోపల నా చార్ట్, మడతల దగ్గర చిరిగి ఉంది.

“సిస్టర్, దవాఖానల ఆయన పొద్దుందాక పండుకునే ఉంటుండు. గీ టైములకు లేపాల్నా, వద్దా? అడిగి రమ్మన్నడు.”

“లేపడమేంటమ్మా?”

“ఇంట్ల లేస్తుండె గదా. షిఫ్ట్ దిగొచ్చి టిఫిన్ జేసి, తొమ్మిదింటికి పండుకునేటోడు. ఒంటిగంటకు అలారం పెట్టుకుని లేసి రొట్టె తినేటోడు. మల్ల నాలుగింటికి మజ్జిగ. రేకుల ఇల్లాయె, ఎండకు మల్ల నిద్రేడ పడతది? గట్లనే డ్యూటీకి పోయేటోడు. ఆడ నడిమిట్ల క్యాంటీన్ల ఏమన్న తిందువంటే, ఎనిమిది దాటినంక సిస్టర్ వద్దన్నది అనేటోడు. తోటోళ్లు నవ్విన్రట, సిస్టర్ పేరు మీద ఒక్కపొద్దు ఉంటుండని. నేను గూడ కొట్లాడిన. సిస్టర్ సదువుకున్నది, నీకేం తెలుసు అన్నడు.”

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. జవాబు కోసం నిలబడింది. లేపొద్దమ్మా, పడుకోనివ్వు అన్నాను. ఆ మాట చార్ట్ రాసిన రోజే చెప్పాల్సింది.

బీపీకి వంద కారణాలుంటాయి, నీ ఒక్క కాగితమే చేసిందా అని నా తోటి నర్సులు నాతో వాదించారు. అది ఒక్కటే చేసిందని నేనూ అనను. కానీ సరిగ్గా నిద్రలేని మనిషిని మరో రెండుసార్లు లేపింది అదే, ప్రెస్ దగ్గర ఖాళీ కడుపుతో నిలబెట్టింది అదే. పైగా నేను అబద్ధాలకోరని కూడా అన్నాను. సత్తయ్య నడిచాడు గానీ కుడి చేయి పట్టు రాలేదు. ప్రెస్ దగ్గరికి కాదు కదా, ప్యాకింగ్‌కి కూడా తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఉద్యోగం మానేదాకా, పట్టీ చుట్టే ముందే ఏ షిఫ్టు, ఎప్పుడు పడుకుంటావు, ఎవరు లేపుతారు అని అడిగాను. తిండి వేళలు గడియారాన్ని బట్టి కాక, నిద్ర లేచినప్పటినుంచి లెక్కపెట్టి రాశాను. సి షిఫ్ట్ వాళ్ల కోసం ఏడున్నరకే తాళం తీశాను. నేర్చుకున్నది ఇంతే. నేర్చుకోవడానికి మాత్రం ఒక మనిషి చెయ్యి పోయింది.

ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. ఒకటి అడగాలని వెళ్లి, ఎక్సర్‌సైజులు చేస్తున్నావా అని మాత్రం అడిగి వచ్చేశాను. ఒంటిగంట అలారానికి లేచిన మొదటి రోజే, ఈ కాగితం రాత్రి పనిచేసేవాడికి రాసింది కాదని అతనికి తెలిసి ఉండదా? సూపర్‌వైజర్‌తో అంత పోట్లాడేవాడు నాతో ఒక్క మాట అనకుండా ఆపింది నా మీద నమ్మకమా, నా నోరా?